పాడికి అనువైన నేల

పాఠ్యభాగ ఉద్దేశం

పాడి పరిశ్రమకు పచ్చిక, నీరు, చల్లని వాతావరణం ఉంటే చాలునని సామాన్యంగా భావిస్తారు. ఈ నైసర్గిక సదుపాయాలు ఎంత ముఖ్యమో తెలపడం, వాటితో పాటు మానవులు కల్పించుకోవలసిన న్యాయమైన వ్యవస్థ ఎంత అవసరమో వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠం

తెలుగువారు గృహసమృద్ధిని చెప్పవలసి వచ్చినప్పుడు ‘పాడిపంటలు’ అంటారు. ఈ జంటపదంలో పంటకంటె పాడియే ముందు నిలిచింది. పంట ఏడాదికి ఒకసారో రెండుసార్లో ఇల్లు చేరుతుంది. పాడి దినానికి రెండుమార్లు ఇంటికి వస్తుంది. పసిబిడ్డ గిన్నెలోకి, వృద్ధుల గ్లాసులోకి, అతిథి విస్తరిలోకి వచ్చేది పాడియే. ఈ మాటకు తెలుగులో మరొక అర్థం కూడా ఉన్నది. ‘ఇది పాడి కాదు’ అన్నప్పుడు పాడి అంటే న్యాయం, ధర్మం. ఈ రెండు అర్థాలకు పుట్టుకలో సంబంధం ఉన్నా లేకపోయినా, పాడి పరిశ్రమ చరిత్రను పరిశీలించినవారికి వాటి మధ్య గల అనుబంధం స్పష్టంగా కనిపిస్తుంది. పాల వ్యాపారంలో న్యాయమనే పాడి లేనిచోట, పాలనిచ్చే పాడి ఎక్కువకాలం నిలువలేదు.

ప్రాచీనులకు పశువే ధనం. మహాభారతం విరాటపర్వంలో సుశర్మ ఒక దిక్కున, కౌరవులు మరొక దిక్కున విరాటుని ఆలమందలను పట్టుకొనడమే దక్షిణ, ఉత్తర గోగ్రహణాలు. మందను తోలుకొనిపోవడం రాజు ధనాగారాన్ని కొల్లగొట్టడంతో సమానం. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గోవుల అధ్యక్షుని విధులకు ప్రత్యేకంగా ఒక అధ్యాయమే ఉన్నది. ఆవుపాలలో కంటె గేదెపాలలో నేయి అయిదవ వంతు అధికంగా లభిస్తుందనే లెక్క కూడా అందులో కనిపిస్తుంది. అయితే ఆ కాలంలో పాలను పాలుగానే దూరప్రాంతాలకు పంపే ఉపాయం లేదు. పాలు పెరుగై, పెరుగు వెన్నయై, వెన్న నేయియై సంతకు చేరేవి. మిగిలిన మజ్జిగ ఇరుగుపొరుగువారికి దక్కేది.

పాలను దూరం పంపలేకపోవడానికి కారణం పాల స్వభావంలోనే ఉన్నది. అప్పుడే పితికిన పాలు పశువు ఒంటివేడితో, అనగా సుమారు 38 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతతో ఉంటాయి. ఆ వెచ్చదనం సూక్ష్మజీవుల వృద్ధికి మిక్కిలి అనుకూలం. వేసవిలో అట్లే ఉంచితే కొద్ది గంటలలోనే పాలు చెడిపోతాయి. వెంటనే 4 డిగ్రీలకు చల్లబరిస్తే ఆ వృద్ధి మందగిస్తుంది. ధాన్యం పండించిన రైతు దానిని గాదెలో పోసి మంచి ధర వచ్చేవరకు వేచి ఉండగలడు. పాలరైతుకు ఆ అవకాశం లేదు. బేరమాడడానికి అతనికి ఉన్న వ్యవధి ఆ కొద్ది గంటలే. అవి గడిచిన తరువాత చేతిలో మిగిలేవి విరిగిన పాలు మాత్రమే. పాడికి ఏయే పరిస్థితులు అనుకూలమో విచారించేటప్పుడు ఈ సత్యాన్ని ముందుగా గుర్తుంచుకోవాలి.

మొదటిది వాతావరణం. అధిక పాలదిగుబడికి పేరుపొందిన హోల్‌స్టీన్ ఫ్రీజియన్, జెర్సీ జాతులు ఐరోపాలోని చల్లని ప్రదేశాలలో రూపొందినవి. గాలి ఉష్ణోగ్రత సుమారు 25 డిగ్రీలు దాటిన కొలదీ వాటికి, ముఖ్యంగా ఫ్రీజియన్ జాతికి, ఇబ్బంది పెరుగుతుంది. మేత తగ్గిస్తాయి, రొప్పుతాయి, పాలు తగ్గుతాయి. మన దేశానికి చెందిన గిర్, సాహివాల్, ఎర్ర సింధీ జాతుల ఆవులు వేడిని బాగా తట్టుకొంటాయి. వాటి వదులైన చర్మం, వేలాడే గంగడోలు అందుకు తోడ్పడతాయి. కాని వాటి దిగుబడి విదేశీ జాతులంత ఉండదు. ఈ రెంటి మేలు గుణాలను కలపాలనే ఆలోచనతోనే సంకరజాతి ఆవుల పెంపకం వ్యాపించింది. తెలుగునాట ప్రసిద్ధికెక్కిన ఒంగోలు జాతి ప్రధానంగా సేద్యానికి, బరువులు లాగడానికి పేరుపొందినది. సముద్రాలు దాటి బ్రెజిల్ చేరి, నెల్లూరు పేరు మీదుగా అక్కడ ‘నెలోర్’ అని పిలువబడుతున్నది. చిత్తూరు సీమకు చెందిన పుంగనూరు ఆవు పొట్టిది. పాలు కొద్దిగా ఇచ్చినా వెన్న అధికం.

మన వాతావరణంలో క్షీరోత్పత్తికి ముఖ్యమైన ఆధారం గేదె. హర్యానా ప్రాంతానికి చెందిన ముర్రా గేదె తెలుగు రైతుకు చిరపరిచితం. ఆవుపాలలో వెన్న సామాన్యంగా నాలుగు శాతం ఉంటే, గేదెపాలలో ఆరు నుండి ఎనిమిది శాతం వరకు ఉంటుంది. వెన్నశాతాన్ని బట్టి ధర కట్టేచోట ఇది రైతుకు లాభం. కాని గేదెకు ఒక బలహీనత ఉన్నది. దాని చర్మం నల్లనిది, వెంట్రుకలు పలుచన, స్వేదగ్రంథులు తక్కువ. ఎండను త్వరగా గ్రహిస్తుంది, చెమట ద్వారా చల్లబడలేదు. అందుచేతనే అది నీటిని వెదకుకొంటూ పోతుంది. ఊరిచెరువు గేదెకు విలాసం కాదు, అవసరం. చెరువులు పూడిపోయిన గ్రామాలలో మధ్యాహ్నం రెండు మూడుసార్లు ఒంటిపై నీరు చల్లడం, పాక పైకప్పున గడ్డి పరచి తడపడం అందుకు ప్రత్యామ్నాయాలు. వేసవిలో గేదెలలో ఎద లక్షణాలు స్పష్టంగా కనిపించవు. చలికాలంలో అధిక భాగం కట్టుతాయి. చూడికాలం సుమారు పది నెలలు కావడం వల్ల వర్షాకాలం నడుమ నుండి ఈనుతాయి. ఫలితంగా శీతకాలంలో పాలు పొంగిపొరలుతాయి, వేసవిలో కరువవుతాయి. ఈ హెచ్చుతగ్గు పాల వ్యాపారానికి ఎట్టి చిక్కు తెచ్చిపెట్టిందో ముందుముందు తెలుస్తుంది.

రెండవది మేత, నీరు. మోస్తరుగా పాలిచ్చే గేదెకు దినానికి 15 నుండి 20 కిలోల పచ్చిమేత, 5, 6 కిలోల ఎండుమేత కావాలి. శరీరపోషణకు కిలోన్నర, ఆపైన ప్రతి రెండు లీటర్ల పాలకు ఒక కిలో చొప్పున దాణా పెట్టాలని పశుపోషణ నిపుణుల సూచన. తవుడు, వేరుశనగ చెక్క, పత్తిగింజల చెక్క, మొక్కజొన్న నూక, ఖనిజ లవణాలు దాణాలోని ముఖ్య ద్రవ్యాలు. జొన్న, మొక్కజొన్న, నేపియర్ గడ్డి వంటివి కడుపు నింపుతాయి. అలసంద, పిల్లిపెసర, లూసర్న్ వంటి కాయజాతి మేతలు మాంసకృత్తులను అందిస్తాయి. కృష్ణా డెల్టా రైతులు వరి కోతకు ముందే చేలో పిల్లిపెసర, జనుము చల్లే ఆచారం ఇందుకు చక్కని ఉదాహరణ. నేలలో మిగిలిన తేమతోనే అవి పెరిగి పశువులకు మేతగా, భూమికి సారంగా ఉపయోగపడతాయి.

పాడి విశిష్టత ఇక్కడే తెలుస్తుంది. వరిగడ్డిని, జొన్నచొప్పను, తవుడును మనిషి తిని బ్రతుకలేడు. మనిషి తినలేని దానిని మనిషి త్రాగగలిగిన దానిగా మార్చే శక్తి పశువుకు ఉన్నది. పొలం నుండి గడ్డి పశువుకు, పశువు నుండి ఎరువు పొలానికి చేరుతాయి. ఈ చక్రం తెగకుండా తిరిగిన చోట సెంటు భూమి లేని కుటుంబానికి సైతం గట్ల మీది గడ్డితో పాడి జీవనాధారం అవుతుంది. నేడు కోతయంత్రాలు గడ్డిని చిందరవందర చేసి చేలోనే వదిలివేయడం, కొన్నిచోట్ల దానిని తగులబెట్టడం ఈ చక్రానికి తగిలిన దెబ్బ. గడ్డి పొలంలో కాలుతున్నప్పుడు, ఆ ఊరిలోనే దానిని అధిక ధరకు కొనుక్కొనే పాలరైతు ఉండడం విచారకరం.

మూడవది పోషణలో శ్రద్ధ. పుట్టిన దూడకు మొదటి గంటలోనే జున్నుపాలు త్రాగించాలి. రోగాలను ఎదుర్కొనే శక్తి దానికి మొదట అందేది ఆ పాలనుండియే. ఈనడానికి రెండు నెలల ముందు పితకడం మానివేసి పశువుకు విశ్రాంతినివ్వాలి. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు వంటి వ్యాధులకు కాలం తప్పక టీకాలు వేయించాలి. పొదుగువాపు సోకకుండా పితికేవారి చేతులు, పొదుగు, పాక శుభ్రంగా ఉండాలి. 2022లో ముద్దచర్మవ్యాధి దేశంలోని పలు రాష్ట్రాలలో పశువులను పెద్ద సంఖ్యలో బలిగొన్నప్పుడు, ముందుజాగ్రత్త విలువ మరొకసారి తెలిసివచ్చింది. పడ్డ పెరిగి పెద్దదై తొలిసారి ఈనడానికి మూడు, నాలుగేండ్లు పడుతుంది. కాబట్టి పాడి ఒక్కరోజులో నిర్మించుకొనేది కాదు. ఒక్క కరువులో కోల్పోవడం మాత్రం సులభం.

అనంతపురం వంటి వర్షాభావ ప్రాంతాలలో ఈ బాధ తరచుగా అనుభవానికి వస్తుంది. వేరుశనగ పంట పోయిన ఏడాది కుటుంబాన్ని ఆదుకోవలసినది పాడియే. కాని పంటతో పాటు మేత కూడా పోతుంది. చూడిగేదెను సైతం సంతకు తోలి, వచ్చిన ధరకు అమ్ముకోవలసి వస్తుంది. అదే దినాన పలువురు అదే పనికి రావడం వల్ల ధర మరింత పడిపోతుంది. వానలు వచ్చిన తరువాత అటువంటి పశువును కొనాలంటే రెట్టింపు పెట్టవలసి ఉంటుంది. గడ్డి నిలువ, పాతరగడ్డి తయారీ, కరువు రోజులలో పశుగ్రాస శిబిరాల నిర్వహణ ఈ నష్టాన్ని నివారించే మార్గాలు.

వాతావరణం, మేత, శ్రద్ధ – ఈ మూడూ కుదిరితే పాడి వర్ధిల్లుతుందా? ప్రపంచ చరిత్ర ఇందుకు భిన్నమైన సమాధానం చెప్పుతున్నది. న్యూజీలాండ్ పాడికి ప్రకృతి స్వయంగా తీర్చిన నేల. అక్కడ ఎండ తీవ్రం కాదు, చలి దుస్సహం కాదు. వానలు ఏడాది పొడవునా కురుస్తాయి. పశువులు సంవత్సరమంతా బయటి పచ్చికలోనే మేయగలవు. అయినా ఆ దేశపు జనసంఖ్య అత్యల్పం, కొనేవారు సముద్రాల కవతల ఉన్నారు. 1882లో డునెడిన్ అనే శీతల నౌక మాంసంతో పాటు కొంత వెన్నను కూడా ఇంగ్లండుకు చేర్చింది. ఆ తరువాతనే అక్కడి పచ్చికకు సంపూర్ణమైన విలువ వచ్చింది.

అదే 1882లో డెన్మార్క్‌లో మరొక మార్పు సంభవించింది. అమెరికా నుండి చౌకగా ధాన్యం వచ్చిపడడంతో డేనిష్ రైతుల ధాన్యానికి ధర పడిపోయింది. వారు ధాన్యం అమ్మడం తగ్గించి పశుపోషణ వైపు మళ్ళారు. అక్కడి శీతకాలం దీర్ఘమైనది. నెలల తరబడి పశువులను పాకలలో కట్టివేసి దుంపలతో, ఎండుగడ్డితో మేపవలసి ఉంటుంది. అయినా వారు వెనుదీయలేదు. పశ్చిమ జట్లాండ్‌లోని హ్యెడింగ్ గ్రామంలో రైతులు కలసి తొలి సహకార వెన్న కేంద్రాన్ని నెలకొల్పారు. పాలు పోసినంత మేరకు లాభం, ఆవులెన్ని ఉన్నా మనిషికి ఒక్కటే ఓటు అనే నియమం ఆ సహకారోద్యమానికి ప్రాణం. న్యూజీలాండ్ కథ విపణి అవసరాన్ని తెలిపితే, డెన్మార్క్ కథ ఐకమత్యం అవసరాన్ని తెలిపింది.

మన దేశంలో ఈ రెండు పాఠాలనూ ఆచరించి చూపిన ప్రదేశం గుజరాత్‌లోని ఆనంద్. ఆ నేల ఎండలకు నెలవు. నిత్యం పచ్చగా ఉండే బయళ్ళు లేవు. అక్కడి రైతులకు ఉన్నవి గేదెలు, పంటల గడ్డి, తమ శ్రమ. 1940ల మధ్యలో వారి పాలు 400 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న బొంబాయికి వెళ్ళేవి. కొనేది ఒకే ఒక ప్రైవేటు సంస్థ. ధర నిర్ణయించేది కొనేవారే. వల్లభ్‌భాయ్ పటేల్ సలహా మేరకు, 1946 జనవరిలో మొరార్జీ దేశాయ్ సమక్షంలో రైతులు సమావేశమై, సొంత సంఘాలు పెట్టుకొంటే తప్ప పాలు పోయరాదని నిర్ణయించుకొన్నారు. పదిహేను రోజులు పాలు అమ్మకుండా నిలిచారు. నిలువ ఉండని సరుకును అమ్మకుండా నిలబడడం సామాన్యమైన త్యాగం కాదు. ఆ ఏడు డిసెంబరు 14న కైరా జిల్లా సహకార పాల ఉత్పత్తిదారుల సంఘం నమోదైంది. త్రిభువన్‌దాస్ పటేల్ దానికి నాయకుడు. 1948లో రెండు గ్రామ సంఘాలతో, దినానికి సుమారు 250 లీటర్ల పాలతో పని ఆరంభమైంది.

1949లో ఆనంద్ చేరిన వర్గీస్ కురియన్ ఆ సంఘానికి కార్యదక్షతను సమకూర్చాడు. శీతకాలంలో పొంగివచ్చే పాలను బొంబాయి పూర్తిగా తీసుకోలేకపోవడం వారికి ఎదురైన పెద్ద చిక్కు. గేదెపాలను పొడిగా మార్చడం సాధ్యం కాదని విదేశీ నిపుణులు భావించేవారు. సాంకేతిక నిపుణుడైన హెచ్.ఎం. దలాయా దానిని సాధించి చూపాడు. 1955 అక్టోబరు 31న ఆ కర్మాగారాన్ని ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ ప్రారంభించాడు. అంతటితో శీతకాలపు మిగులు వేసవి లోటును తీర్చే సాధనమైంది. ప్రకృతి కల్పించిన హెచ్చుతగ్గును విజ్ఞానం సరిచేసింది. ఆ విజ్ఞానపు ఫలం సంఘం వల్ల రైతుకు దక్కింది.

1964లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రి ఆనంద్ సమీప గ్రామంలో ఒక రాత్రి గడిపి, రైతులతో మాటలాడి, ఈ పద్ధతిని దేశమంతటా వ్యాపింపజేయాలని సంకల్పించాడు. 1965లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడింది. 1970 నుండి 1996 వరకు సాగిన ‘ఆపరేషన్ ఫ్లడ్’ పథకం గ్రామాలను నగరాలతో కలిపింది. 1950–51లో ఒక కోటి 70 లక్షల టన్నులుగా ఉన్న దేశ క్షీరోత్పత్తి, 2023–24 నాటికి 23 కోట్ల 93 లక్షల టన్నులకు చేరింది. 1998 నుండి ఉత్పత్తిలో మన దేశానిదే ప్రపంచంలో ప్రథమస్థానం. ఒక్కొక్క పశువు ఇచ్చే దిగుబడి మాత్రం ఇంకను పెరగవలసి ఉన్నది.

తెలుగునాట 1960లో యూనిసెఫ్ సహాయంతో సమగ్ర పాల పథకం మొదలైంది. 1974లో పాడి అభివృద్ధి కార్పొరేషన్, 1981లో ఆనంద్ నమూనాను అనుసరించి సహకార సమాఖ్య ఏర్పడ్డాయి. ‘విజయ’ అనే పేరు ఇంటింటికీ పరిచయమైంది. ఇక్కడ ఒక విషయం గమనింపదగినది. గడ్డి కోసేది, పేడ ఎత్తేది, పాలు పితికేది ఎక్కువగా ఇల్లాలే అయినా, సంఘం పుస్తకంలో పేరు చాలాకాలం ఇంటి యజమానిదే. ఈ లోపాన్ని సరిదిద్దే యత్నాలు కూడా తెలుగునేలపై జరిగాయి. పూర్వపు కరీంనగర్ జిల్లాలోని ములుకనూరులో, 2000 తరువాతి తొలి సంవత్సరాలలో, స్త్రీలే సభ్యులుగా సహకార డెయిరీ నెలకొన్నది. 2014లో తిరుపతి కేంద్రంగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ ఏర్పడింది. పాలు పోసినవారి పేరుననే పైకం జమ కావడం చిన్న మార్పుగా తోచవచ్చు. కాని ఆ పైకంతో బిడ్డను చదివించాలో, మరొక పడ్డను కొనాలో నిర్ణయించే అధికారం ఆ స్త్రీకి దక్కుతుంది.

నేడు పాలరైతుకు కష్టాలు తీరిపోలేదు. దాణా ధర పెరిగినంత వేగంగా పాలధర పెరగదు. పండుగకైనా, పెండ్లికైనా, జ్వరం వచ్చినా రెండు పూటలా పశువు చెంత ఉండక తప్పదు. చదువుకొన్న పిల్లలు ఈ చాకిరీకి వెనుకాడడం సహజం. వెన్నశాతాన్ని, తూకాన్ని రైతు కన్నులెదుట కొలిచి చెప్పినప్పుడు, పది దినాలకో పదిహేను దినాలకో తప్పక పైకం అందినప్పుడు, పశువైద్యుడు పిలిచినంతనే వచ్చినప్పుడు ఆ శ్రమకు గౌరవం కలుగుతుంది. ఇవి లోపించిన ఊరిలో ఎంత పచ్చిక ఉన్నా పాకలు క్రమంగా ఖాళీ అవుతాయి.

కాబట్టి పాడికి అనువైన నేల అంటే కేవలం పచ్చికబయలు కాదు. ఎండను తట్టుకొనే జాతి, ఏడాది పొడవునా మేత, చెరువులో నీరు, శ్రద్ధగల చేతులు ఒక సగం. పితికిన పాలు చెడకముందే న్యాయమైన ధరకు స్వీకరించే వ్యవస్థ మిగిలిన సగం. మొదటి సగంలో కొంత ప్రకృతి ఇస్తుంది. రెండవ సగాన్ని మనుషులు కలసి నిర్మించుకోవాలి. ‘పాడి’ అనే ఒక్క మాటలో పాలను, న్యాయాన్ని ఇముడ్చుకొన్న తెలుగు భాష ఈ సత్యాన్ని ఏనాడో సూచించినట్లున్నది.

కఠిన పదాలకు అర్థాలు

నైసర్గికం = ప్రకృతి సిద్ధమైనది
గంగడోలు = ఆవు, ఎద్దు మెడక్రింద వ్రేలాడే చర్మం
చూడి = పశువుల గర్భం
కట్టు = (పశువు) గర్భం ధరించు
పడ్డ = ఇంకా ఈనని ఆడ గేదె
పాతరగడ్డి = గాలి చొరకుండా పూడ్చి నిలువచేసిన పచ్చిమేత
విపణి = అంగడి, వ్యాపారస్థలం
నెలవు = చోటు, స్థానం

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు ఇరవై పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాడి పరిశ్రమకు అనుకూలమైన నైసర్గిక పరిస్థితులను వివరించండి.
2. ఆనంద్ రైతులు పాల వ్యాపారంలో న్యాయాన్ని ఎట్లు సాధించుకొన్నారు?

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు ఐదు పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ధాన్యం రైతుకు, పాలరైతుకు గల భేదమేమి?
2. గేదెకు చెరువు ఎందుకు అవసరం?
3. న్యూజీలాండ్, డెన్మార్క్ దేశాల నుండి నేర్చుకోదగిన పాఠాలేవి?

ఇ. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. ఊరిచెరువు గేదెకు విలాసం కాదు, అవసరం.
2. నిలువ ఉండని సరుకును అమ్మకుండా నిలబడడం సామాన్యమైన త్యాగం కాదు.

ఈ. సంధులు విడదీసి, సంధి పేరు రాయండి.
క్షీరోత్పత్తి, జీవనాధారం, అత్యల్పం, సహకారోద్యమం

ఉ. విగ్రహవాక్యం రాసి, సమాసం పేరు రాయండి.
పాడిపంటలు, సూక్ష్మజీవులు, గృహసమృద్ధి